గాలిపరుపు మీద ఒక రాత్రి

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న సామెతను తరగతి గదిలో ఎన్నిసార్లు వివరించి ఉంటామో లెక్కలేదు. కటిక నేల మీద, చెట్టు నీడన, రైలుపెట్టె నడవాలో ఆదమరచి నిద్రించే శ్రమజీవులను ఉదాహరణగా చూపి, అలసిన ఒంటికి మెత్తని పరుపుతో పనిలేదని విద్యార్థులకు బోధించేవాళ్ళము. ఆ సామెతలో ఉన్నది సగం సత్యమేనని మాకు తెలిసివచ్చినది 2022 డిసెంబరులో, లంబసింగి కొండల మీద, ఒక గుడారంలో, రాత్రి ఒంటిగంట వేళ. సామెతను కట్టినవారు మైదానపు మనుషులై ఉండాలి. అలసట గట్టి నేలను జయించగలదు గాని చల్లని నేలను జయించలేదు.

ఆ రాత్రి సంగతి ఈ వార్షిక సంచికలో వ్రాయడానికి మాకు రెండు కారణాలున్నవి. ఈనాడు మన విద్యార్థులు కొండలకు, అడవులకు ఉత్సాహంగా వెళుతున్నారు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరంపై కాలుమోపిన తరువాత, కొండలెక్కడం మనవంటివారి పని కాదన్న మాట తెలుగునాట చెల్లలేదు. అలా వెళ్ళేవారికి మా అనుభవం కొంత ఉపకరించవచ్చు. ఇది మొదటి కారణం. రెండవది, ఆ యాత్రలో మేము చేసిన రెండు తప్పులను ఒప్పుకొనవలసి ఉన్నది. ఒకటి కళాశాల కమిటీవారి ఎదుట, మరియొకటి ఒక విద్యార్థి ఎదుట.

ఆ సంవత్సరం ప్రకృతి పరిశీలన యాత్రకు 18 మంది విద్యార్థులను తీసుకొని వెళ్ళడానికి కమిటీవారు అనుమతించి, పడకలకు కొంత సొమ్ము కూడా మంజూరు చేశారు. వస్తువులను ఎంపికచేసే భారం మాపై పడింది. భాషా సాహిత్యాలు చదివినవాడికి పరుపుల సంగతి ఏమి తెలియునని మేము సందేహించి ఉండవలసినది. మేము సందేహించలేదు. పట్టణంలోని ఒక దుకాణంలో గాలిపరుపులు చూచాము. మడిస్తే అన్నపు డబ్బా అంత. తూస్తే అరకిలోకు కొంచెం ఎక్కువ. గాలి నింపితే నాలుగంగుళాల ఎత్తున పొంగి, మీద చేయి వేస్తే పువ్వువలె అణగుతున్నది. ధర కూడా మంజూరైన సొమ్ములోపల ఉన్నది. లోపల గాలి తప్ప ఇంకేమైనా ఉన్నదా అని మేము అడుగలేదు, దుకాణదారు చెప్పలేదు. మాకు, మా మిత్రులైన భౌతికశాస్త్రోపన్యాసకులకు కలిపి ఇరవై కొన్నాము. ఇంత తక్కువలో ఇంత సుఖం సంపాదించామని మురిసిపోయాము.

బయలుదేరే రాత్రి ఒక విద్యార్థి భుజాన పెద్ద మూటతో బస్సు దగ్గరకు వచ్చాడు. అది పాత దూదిబొంత. చుట్టచుట్టి, కొబ్బరితాడుతో రెండుచోట్ల బిగించి ఉన్నది. అందరి సంచులూ నాజూకుగా ఉండగా ఆ మూట ఒక్కటే బస్సు తలుపులో ఇరుక్కున్నది. అది చూచి మేము, "ఏమయ్యా, లంబసింగిలో పరుపుల దుకాణం పెడతావా?" అన్నాము. అందరూ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వడానికి ప్రయత్నించి, "మా నాన్న తీసుకుపొమ్మన్నాడు సార్" అని తల దించుకున్నాడు. "గాలిపరుపులున్నవి కదా, దానిని బస్సులోనే ఉంచు, గుడారంలో చోటు చాలదు" అని ఆజ్ఞాపించాము. అతడు ఎదురాడక వెనుక సీటు కింద దానిని త్రోసి కూర్చున్నాడు. ఆ నవ్వులోని నొప్పి మాకు తెలియనిది కాదు. బాగా తెలిసినదే. ఆ మాట తరువాత చెబుతాము.

నర్సీపట్నం దాటిన తరువాత ఘాటు రోడ్డు మొదలవుతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వేయి మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉన్నది. స్థానికులు దానికి కొర్రబయలు అని మరొక పేరు చెబుతారు. ఆరుబయట నిలిచినవాడు కొయ్యవలె బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. పేరులోనే హెచ్చరిక ఉన్నది; తెలుగు మాస్టారై ఉండి కూడా మేము దానిని చమత్కారంగానే విన్నాము. పగలు ఎండ హాయిగా ఉన్నది. విద్యార్థులు కాఫీ తోటలనూ, ఆ చెట్లకు నీడనిచ్చే సిల్వరోకు మానులనూ, వాటికి అల్లుకున్న మిరియపు తీగలనూ చూచి నోటుపుస్తకాలలో వ్రాసుకున్నారు. మధ్యాహ్నం మూడు గంటలకు, మా మిత్రుల ఉష్ణమాపకం 27 డిగ్రీలు చూపుతుండగా, తోట పక్క ఖాళీ స్థలంలో గుడారాలు వేసి, పందెం వేసుకొని నోటితో ఊది గాలిపరుపులను బిర్రుగా నింపారు. సాయంత్రం చీకటి పడేవరకు వాలీబాలు ఆడారు.

రాత్రి తొమ్మిదింటికి పడుకున్నప్పుడు పరుపు హాయిగానే ఉన్నది. పదకొండు గంటలకు మెలకువ వచ్చింది. పైన రెండు దుప్పట్లున్నవి, ముఖానికి మఫ్లరున్నది, అయినా వీపు కింద ఎవరో తడిగుడ్డ పరచినట్లున్నది. ఒక ప్రక్కకు ఒత్తిగిలితే ఆ ప్రక్క చల్లబడుతున్నది. పైపెచ్చు మధ్యాహ్నం బిర్రుగా ఉన్న పరుపు మెత్తబడి, తుంటి నేలకు తగులుతున్నది. చిల్లు పడినదేమో అనుకున్నాము. పక్క గుడారాలలో దగ్గులు, గుసగుసలు వినిపిస్తున్నవి. ఎవరూ నిద్రపోవడం లేదు. గౌరవం కొద్దీ ఎవరూ మమ్మల్ని పిలవడం లేదు. గౌరవం కొద్దీ మేమూ లేవడం లేదు.

ఒంటిగంటకు ఒక విద్యార్థి వచ్చి, "సార్, వీడి మాట తేడాగా ఉన్నది" అన్నాడు. పరుగున వెళ్ళి చూచాము. సన్నని పిల్లవాడు. ఆటలో చెమటకు తడిసిన బనియను మార్చకుండానే పడుకున్నాడు. ఒళ్ళంతా వణుకుతున్నది, పేరు అడిగితే నాలుక తడబడుతున్నది, చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్ళు పట్టు తప్పుతున్నవి. ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడుతున్నప్పుడు కనిపించే లక్షణాలివేనని మా మిత్రులు గుర్తించి, తడిబట్టలు విప్పించారు. ఎవరో, "కుంపటి తెచ్చి గుడారంలో పెడదామా సార్?" అన్నారు. భయంలో ఉన్న మేము, "తెండి" అని నోరు తెరవబోయాము.

అంతలో తోట కాపలా ముసలాయన లాంతరుతో వచ్చి అడ్డుపడ్డాడు. "వద్దు బాబూ! నిప్పుల్ని గుడ్డగదిలోకి తేకండి. పొగ కనబడదు గాని పేణం తీసేత్తాది" అన్నాడు. మూసిన చోట బొగ్గు కాలితే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడు పుట్టి, నిద్రలోనే ప్రాణం తీస్తుందన్న సంగతి మా మిత్రులకు పుస్తకంలో తెలుసు. ఆ పెద్దాయనకు బ్రతుకులో తెలుసు. మాకు రెండు విధాలా తెలియదు. ఆయన ఆ సమయంలో రాకపోయి ఉంటే ఏమి జరిగి ఉండేదో తలచుకుంటే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన గుడారంలోకి తొంగిచూచి, గాలిపరుపును వేలితో నొక్కి, "గాలిమూట మీద తొంగుంటే సలి ఆగుద్దా బాబూ?" అని, తన పాకనుండి రెండు మోపుల ఎండుగడ్డి తెచ్చి పడేశాడు.

అప్పుడు ఆ అబ్బాయి, మేము నవ్వులపాలు చేసిన అబ్బాయి, "సార్, బస్సులో బొంత ఉంది, తేనా?" అని అడిగాడు. మేము అనుమతి ఇవ్వవలసిన స్థితిలో ఉన్నామా! డ్రైవరును లేపి, తాడు విప్పి, బొంత తెచ్చాడు. తెచ్చినవాడు దానిని స్నేహితునిపై కప్పలేదు. గడ్డి మీద గాలిపరుపు, దాని మీద బొంత సగం పరచి, అతడికి పొడిబట్టలు తొడిగించి పడుకోబెట్టి, మిగిలిన సగం పైన కప్పాడు. "కింద లేకపోతే పైన ఎంత కప్పినా వేస్టు సార్. పాత దూదే గాని మా నాన్న పోయిన వారమే మళ్ళీ ఏకి కుట్టాడు. ఏకితే పాతదైనా వెచ్చగుంటది" అన్నాడు. తీయని వేడి టీ కొద్దికొద్దిగా త్రాగించాము. అరగంటలో వణుకు తగ్గింది. గంటకు మాట సరిపడింది. కొంచెంసేపటికి గురక వినిపించింది. ఆ గురకంతటి మధురమైన ధ్వనిని మేము ఏ కచేరీలోనూ వినలేదు.

మిగిలిన వాళ్ళము బయట నెగడు చుట్టూ కూర్చున్నాము. మంటను చూస్తూ ఉండగా మా చెవులలో ఒక పాత ధ్వని మ్రోగసాగింది. విల్లు నారి మీద కొయ్యసుత్తి దెబ్బ. టంగ్, టంగ్, టంగ్.

మా తాతగారు దూదేకేవారు. ఇంటి వెనుక వసారాలో దూలానికి వ్రేలాడదీసిన పెద్ద విల్లు. ఎదురుగా ముద్దకట్టిన పాతదూది కుప్ప. నారి అదిరినప్పుడల్లా ఆ ముద్దలు విడి, పింజలు పింజలుగా లేచి, వసారా అంతా మంచు కురిసినట్లయ్యేది. అందులో కూర్చున్న మా తాతగారి గడ్డము, కనురెప్పలు కూడా తెల్లనై ఉండేవి. ఊరిలో పెళ్ళికూతురి పరుపు మొదలు పసిబిడ్డ బొంత వరకు ఆయన చేతి మీదుగా పోవలసినదే. కులమతాల ఎంపిక లేకుండా ఊరంతా ఆయన ఏకిన దూది మీద నిద్రపోయేది. ఒకనాడు మేము, "తాతా, అదే దూది కదా, ఎందుకు కొడతావు?" అని అడిగితే, "అబ్బాయ్, వెచ్చదనం దూదిలో లేదురా, దూదిలో చిక్కిన గాలిలో ఉంది. వాడగా వాడగా దూది అణిగి గాలి పోతది. మనం మళ్ళీ గాలి ఎక్కిస్తాం. మన కూలి గాలికే" అని నవ్వారు. ఏడెనిమిదేళ్ళ వయసులో అది మాకు హాస్యంగా తోచింది.

తరువాత మోటారు యంత్రం వచ్చింది. మా నాయన కొంతకాలం దానిని నడిపారు. స్పాంజి పరుపులు వచ్చిన తరువాత దానినీ మూసివేశారు. మేము చదువుకున్నాము. మా కులవృత్తికి మరొక పేరైన 'పింజారి' అన్న మాటను తెలుగునాట తిట్టుగా వాడతారన్నది మీకందరికీ తెలిసినదే. పింజను విడదీసేవాడు పింజారి. అందులో తిట్టవలసినది ఏమున్నదో మాకు ఏ నిఘంటువూ చెప్పలేదు. కాని బడిలో ఆ మాట వినబడినప్పుడల్లా చెవులు మూసుకోవాలనిపించేది. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో తండ్రి వృత్తి ఏమని అడిగితే 'వ్యాపారం' అని చెప్పేవాళ్ళము. ఉర్దూ శాఖలోని మా మిత్రులు దూదేకేవానిని 'నద్దాఫ్' అంటారని చెప్పినప్పుడు, ఆ మాట కొంత మర్యాదగా వినిపించి, దానిని మనసులో దాచుకున్నాము. పేరు మారితే పరువు పెరుగుతుందనుకునే దుర్బలత అది. ఆ దుర్బలతే బస్సు దగ్గర పరుపుల దుకాణం పరిహాసమై బయటపడింది. మమ్మల్ని నొప్పించిన మాటనే, ఉపన్యాసకుని కుర్చీ ఎక్కి, మరొక దూదేకులవాని బిడ్డ మీద విసిరాము.

తెల్లవారింది. ఉష్ణమాపకంలో 6 డిగ్రీలు. మంచు తెర వెనుక కొండలు ఒక్కొక్కటిగా బయటపడుతుండగా, మా భౌతికశాస్త్ర మిత్రులు విద్యార్థులను చుట్టూ కూర్చోబెట్టుకొని రాత్రి జరిగినదానికి కారణాలు చెప్పారు. ఆ పాఠాన్ని మాకు అర్థమైనంతలో ఇక్కడ వ్రాస్తాము.

పరుపు వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది మన శరీరమే. విశ్రాంతిలో ఉన్న మనిషి ఒళ్ళు నూరు వాట్లకు కొంచెం తక్కువగా, ఒక పాతకాలపు విద్యుద్దీపమంత వేడిని విడుస్తూ ఉంటుంది. పడక చేయగలిగినదల్లా ఆ వేడి పారిపోకుండా కాపలా కాయడమే. పైన కప్పుకున్నది గాలిలోకి పోయే వేడిని ఆపుతుంది. కింద పరచినది నేలలోకి పోయే వేడిని ఆపాలి. ఒంటి బరువుకు కింది దుప్పటి అణిగిపోయి, దాని పోగుల మధ్య గాలి వెళ్ళిపోతుంది గనుక, పైన పనిచేసిన దుప్పటి కింద పనిచేయదు. చలి రాత్రి చాలామంది పైన మూడు కప్పుకొని కింద ఏమీ పరచుకోరు. తలుపులన్నీ మూసి నేలమాళిగ తెరిచి ఉంచినట్లు.

మరి గాలిపరుపులో నిండా గాలి ఉన్నది కదా, గాలి వేడిని ఆపుతుంది కదా అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. నిశ్చలమైన గాలి వేడిని బాగా అడ్డుకుంటుంది; నీటితో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. కాని ఆ గాలి చిన్న చిన్న గదులలో బందీ అయి కదలకుండా ఉండాలి. మా పరుపులలో ఉన్నది స్వేచ్ఛగా తిరిగే గాలి. మనిషి ఒత్తిగిలినప్పుడల్లా వీపు కింద వెచ్చబడిన గాలి అంచులకు పోతుంది. అంచులలో చల్లబడిన గాలి వీపు కిందికి వస్తుంది. దీనికి తోడు పై పొర వేడి కిరణరూపంలో ఎదుటి చల్లని కింది పొరకు పోతూనే ఉంటుంది. కాబట్టి నాలుగంగుళాల ఎత్తున్నా ఆ పరుపు చలి ముందు పలుచని గుడ్డతో సమానమైంది. మా తాతగారు చెప్పిన మాటే ఇది: వెచ్చదనమంతా చిక్కిన గాలిలో ఉన్నది. చిక్కని గాలి కూలికి పనిచేయదు.

ఈ రహస్యం మీదనే కొండలెక్కేవారి మంచి పరుపులు తయారవుతున్నవి. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని సియాటిల్ నగరంలో, బోయింగ్ విమాన సంస్థలో ఉద్యోగం కోల్పోయిన ఇంజనీర్లు గాలి చొరబడని సంచిలో సన్నని రంధ్రాలున్న స్పాంజిని అతికించి, మూత తీయగానే తనంతట తానే గాలి పీల్చుకొని ఉబ్బే పరుపును చేశారు. స్పాంజి రంధ్రాలలో చిక్కిన గాలి కదలదు. ఇప్పుడు కొన్నిటిలో పక్షుల మెత్తని ఈకలో కృత్రిమమైన పోగులో నింపుతున్నారు. మరికొన్నిటిలో తళతళలాడే లోహపు పూత గల పలుచని పొరలు అమర్చి, ఒంటి నుండి వచ్చే కిరణాలను తిరిగి ఒంటివైపే మళ్ళిస్తున్నారు. మా తాతగారు పరుపులోని దూది జరిగిపోకుండా అక్కడక్కడ పైనుండి కిందికి టాకాలు వేసేవారు. ఈ పరుపులలోనూ పై పొరను కింది పొరతో అక్కడక్కడ అతికి, గదులుగా విడదీస్తారు. అతుకు మారింది గాని ఆలోచన మారలేదు.

పరుపు ఎంత వేడిని ఆపగలదో తెలిపే అంకెను ఆర్ విలువ అంటారు. ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతిలో కొలిచి చెప్పుకుంటూ ఉండగా, 2018లో ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్3340 అనే ఉమ్మడి పరీక్షా పద్ధతి వచ్చింది. లోపల ఏమీ లేని వట్టి గాలిపరుపుకు ఈ విలువ 1 కి అటూ ఇటూ ఉంటుంది. చుట్టుకొని తీసుకుపోయే మంచి ఫోము చాపకు సుమారు 2. మంచు మీద పడుకోవాలంటే 5, ఆపైన కావాలి. మాకు అన్నిటికంటే నచ్చినదేమంటే, ఈ విలువలను కూడవచ్చు. 2 విలువ గల చాపను, 3 విలువ గల పరుపును కలిపి పరిస్తే 5 అవుతుంది. బీదవాడికి ఇది గొప్ప వరం. ఖరీదైన ఒక్క పరుపు కొనలేనివాడు చవకైన రెండింటిని కలిపి పరుచుకోవచ్చు. గడ్డి, గాలిపరుపు, బొంత కలిసి ఆ రాత్రి చేసిన పని ఇదే.

ఇక పరుపు మెత్తబడడానికి చిల్లు కారణం కాదు. మధ్యాహ్నం 27 డిగ్రీల వద్ద నింపిన గాలి రాత్రి 6 డిగ్రీలకు చల్లబడితే సుమారు 7 శాతం కుదించుకుపోతుంది. నోటితో ఊదిన గాలి ఇంకా వెచ్చనిది గనుక ఇంకొంత. అందువలన పడుకోబోయే ముందు మరొకసారి గాలి నింపుకోవాలి. అయితే డప్పువలె బిగిస్తే నడుము నిలవదు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తుంటి కొంచెం దిగాలి గాని నేలకు తగలకూడదు. నోటితో ఊదినప్పుడు ఊపిరిలోని తేమ కూడా లోపలికి పోతుంది. ఈకలు, పోగులు ఉన్న పరుపులలో అది చేరి వెచ్చదనాన్ని తగ్గించి, బూజును పెంచుతుంది. గాలిసంచితోనో చిన్న పంపుతోనో నింపడం మేలు. ఇల్లు చేరిన తరువాత మూత తీసి ఆరబెట్టాలి. నిజంగా చిల్లు ఉన్నదన్న అనుమానం కలిగితే సబ్బునీరు రాసి బుడగలు చూడాలి. సైకిలు ట్యూబు బాగుచేయించుకున్న మనకు ఈ విద్య కొత్త కాదు.

మిగిలినవి మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాటలే. తడిబట్టలతో పడుకోకూడదు. ఆకలితో పడుకోకూడదు, పొయ్యిలో కట్టె లేనిదే వేడి లేదు. తలకు టోపీ, కాళ్ళకు పొడి మేజోళ్ళు ఉండాలి. మూత గట్టిగా ఉన్న సీసాలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు. చలికి బద్ధకించి మూత్రవిసర్జన ఆపుకొంటే నిద్రే చెడుతుంది. గుడారం వేసే చోట రాళ్ళు, ముళ్ళు ఏరివేసి, పల్లం కాని సమతలం చూచుకోవాలి. వట్టి గాలిపరుపే ఉన్నప్పుడు దాని మీద చాపో బొంతో పరుచుకుంటే ఒంటికి హాయి; కింద కూడా ఏదైనా ఉంటే ముల్లు దిగదు. నిప్పును మాత్రం ఎంత చలి అయినా గుడారంలోకి రానీయకూడదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. మేము తెచ్చిన ఇరవై పరుపులు వృథా కాలేదు గాని, వాటిని అడిగి తెలుసుకొని కొనలేదు. తిరిగివచ్చిన తరువాత ఆ సంగతి వ్రాతపూర్వకంగా తెలిపి, చవకైన ఫోము చాపలు ఇరవై కొనడానికి అనుమతి కోరాము. వారు మందలించకుండానే మంజూరు చేశారు. 2023 డిసెంబరులో అదే కొండకు, అదే తోటకు, చాపలతో, గాలిపరుపులతో, ఇళ్ళ నుండి తెప్పించిన బొంతలతో వెళ్ళాము. ఆ ఏడు ప్రతి విద్యార్థిని బొంత తెమ్మని మేమే నోటీసుబోర్డులో వ్రాశాము. రాత్రి రెండు గంటలకు లాంతరు పట్టుకొని గుడారాల మధ్య తిరిగాము. ఎక్కడా దగ్గు లేదు, గుసగుస లేదు. కాపలా పెద్దాయన తన పాక గుమ్మంలో నుండి, "ఈ యేడు బాగా తొంగున్నారు బాబూ" అన్నాడు.

ఇక మిగిలినది మొదటి యాత్రనాటి ఒక ఉదయపు మాట. బస్సు బయలుదేరబోతూ ఉండగా ఆ అబ్బాయి ఒంటరిగా బొంతను చుట్టబోతున్నాడు. పెద్ద బొంత, ఒక్కడి చేతికి లొంగడం లేదు. మేము వెళ్ళి రెండవ కొస పట్టుకున్నాము. దూది ఒకవైపు చేరకుండా రెండుసార్లు విదిలించి, టాకాల వరుస మీదుగా మడత వేసి, మోకాలితో అదిమి చుట్టాము. మా చేతులు ఇరవై అయిదేళ్ళుగా చేయని పని, అయినా మరచిపోలేదు.

అతడు ఆశ్చర్యపడి, "సార్, మీకు ఇదెట్లా వచ్చు?" అన్నాడు.

"మా తాతగారు దూదేకేవారు. మా నాయన కూడా" అన్నాము. ఆ వాక్యం కళాశాల ఆవరణలో గాని, దాని మనుషుల ఎదుట గాని మేము పలకడం అదే మొదటిసారి. తరువాత, "బస్సు దగ్గర అన్న మాట తప్పు. మన్నించు" అన్నాము.

అతడు ఏమీ అనలేదు. తాడు ముడి బిగించి, మూట ఎత్తుకొని, "మా నాన్నకు చెప్తా సార్, సంతోషిస్తాడు" అన్నాడు. ఏది చెబుతాడో, మా మన్నింపా, మా తాతగారి సంగతా, మేము అడుగలేదు. ఈసారి ఆ మూట వెనుక సీటు కిందికి పోలేదు. దారి పొడవునా ఒక్కొక్కరూ దానిని దిండుగా చేసుకొని నిద్రపోయారు.

విద్యార్థులారా! మీలో ఎందరి ఇళ్ళలోనో ఇటువంటి మూటలున్నవి. మీ పెద్దల చేతిపని, వారి మాటలలో దాగిన శాస్త్రం, కొందరు తిట్టుగా మార్చిన ఒక పేరు. కొత్త వస్తువును కొనండి. తప్పు లేదు, మేమూ కొన్నాము. కాని కొనే ముందు లోపల ఏమున్నదని అడగండి. ఇంట్లో ఉన్నదానిని వదలివేసే ముందు కూడా అదే ప్రశ్న వేయండి. కొండ మీదికి వెళ్ళిననాడు మీ వీపు కింద వెచ్చగా ఉండాలని, మీ నిద్ర సుఖమెరగాలని మా ఆకాంక్ష.